వదలని మడమ నొప్పి: పాఠకుల ప్రశ్నలు, ఫిజియోథెరపిస్టు సమాధానాలు

ఈ శీర్షికకు హైదరాబాద్ నుంచి వచ్చిన ఉత్తరాల్లో మడమ నొప్పి గురించినవి చాలా ఉన్నాయి. వాటిలో ఆరింటిని ఇక్కడ తీసుకున్నాం. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు. ఈ సమాధానాలు నొప్పిని అర్థం చేసుకోవడానికి ఉపయోగపడతాయి కానీ, కాలిని చేత్తో తడిమి చూసి చేసే పరీక్షకు బదులు కావు.

ప్రశ్న: నా వయసు 48. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఎనిమిది నెలలుగా కుడికాలి మడమ వెనక, ఎముకకు మూడు వేళ్ల పైన నొప్పి ఉంది. పొద్దున మంచం దిగగానే కాలు బిగుసుకుపోయి ఉంటుంది. కాసేపు అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుంది. అక్కడ తడిమితే లావుగా, గట్టిగా తగులుతోంది. విశ్రాంతి తీసుకోమన్నారని ఇందిరా పార్కులో రోజూ నడిచే నడకను నెలన్నర మానేశాను. నొప్పి తగ్గింది. మళ్లీ మొదలుపెట్టిన వారానికే తిరగబెట్టింది. ఇక నేను నడక ఆశ వదులుకోవాల్సిందేనా?
– పాఠకురాలు, దోమలగూడ

జవాబు: వదులుకోనక్కర లేదమ్మా. మీరు చెప్పిన లక్షణాలన్నీ అకిలిస్ టెండన్ దెబ్బతిన్నప్పుడు కనిపించేవే. పిక్కలోని రెండు పెద్ద కండరాలు కిందికి వస్తూ ఒక్కటై, తాడులా బిగిసి, మడమ ఎముకకు అతుక్కునే భాగమే అకిలిస్ టెండన్. మన శరీరంలోని టెండన్లన్నిటిలోకీ, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే బంధనాలన్నిటిలోకీ, పెద్దదీ బలమైనదీ అదే. పరుగెత్తేటప్పుడు దాని మీద మన బరువుకు ఎన్నో రెట్ల భారం పడుతుంది. ఎముకకు సుమారు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన, అంటే మీరు చూపిస్తున్న చోటే, ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది.

అక్కడ లావుగా తగులుతున్నదాన్ని చాలామంది వాపు అనుకుని, వాపు తగ్గించే మాత్రలు నెలల తరబడి వాడుతుంటారు. నెలలు గడిచిన నొప్పిలో అసలు సమస్య వాపు కాదు. టెండన్‌లో ఒక వరుసలో ఉండాల్సిన పోగులు ఆ వరుస తప్పి, వాటి మధ్య నీరు చేరి, ఆ భాగం మందమెక్కుతుంది. మాత్రలూ పూత మందులూ కొన్నాళ్లు ఉపశమనం ఇస్తాయి తప్ప, ఆ పోగులకు పోయిన బలాన్ని తిరిగి తేలేవు.

విశ్రాంతి విషయంలో మీకు ఎదురైన అనుభవం ఈ జబ్బుతో బాధపడే చాలామందికి ఎదురయ్యేదే. టెండన్ తన మీద పడే భారాన్నిబట్టి బలం పుంజుకుంటుంది. భారం లేకపోతే బలం తగ్గించుకుంటుంది. నెలన్నర నడక మానేసినప్పుడు భారం తగ్గింది కాబట్టి నొప్పీ తగ్గింది. కానీ ఆ నెలన్నరలో పిక్క కండరం, టెండన్ రెండూ మునుపటికంటే బలహీనపడ్డాయి. ఆ స్థితిలో పాత దూరమే నడవబోయేసరికి అది వాటికి మోయలేని భారమైంది. అందుకే, నొప్పి మరీ తీవ్రంగా ఉన్న మొదటి కొద్ది రోజులకు మించి పూర్తి విశ్రాంతిని నేను ఎవరికీ సూచించను. మోయగలిగినంత భారం వేయడం, మెల్లమెల్లగా దాన్ని పెంచడం, అందుకు కావలసినంత కాలం ఓపిక పట్టడం: ఈ జబ్బుకు ఇంతకంటే నమ్మదగిన వైద్యం నాకు తెలియదు.

ఇప్పుడు వ్యాయామం సంగతి చెబుతాను. గోడకు చేతులు ఆనించి, రెండు కాళ్ల మీద సమానంగా నిలబడి, మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు నెమ్మదిగా మునివేళ్ల మీదకు లేవండి. అంతే నెమ్మదిగా మడమలు కిందికి దించండి. 15 సార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ 15 సార్లు, అలా మూడు విడతలు చేయాలి. ఇది సులువుగా అనిపించాక నొప్పి ఉన్న ఒక్క కాలి మీదే లేవడం మొదలుపెట్టండి. ఆ తర్వాత మెట్టు అంచున కాలి ముందు భాగం ఆనించి నిలబడి, బాగున్న కాలితో పైకి లేచి, బరువంతా నొప్పి కాలి మీదకు తెచ్చుకుని, మడమను మెట్టు అంచు కంటే కిందికి మెల్లగా దించాలి. 1998లో స్వీడన్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్‌సన్, ఆయన సహచరులు ప్రచురించిన పద్ధతి ఇదే. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు విడతలు, కాస్త వంచి మరో మూడు విడతలు, పొద్దునా సాయంత్రమూ, వారంలో ఏడు రోజులూ, 12 వారాల పాటు చేయించారు. లెక్క వేస్తే రోజుకు 180 సార్లు. ఉద్యోగం, ఇంటిపని రెండూ చూసుకునే మనిషికి ఇది కష్టమే. అయితే 2015లో వచ్చిన ఒక డెన్మార్క్ అధ్యయనంలో, ఎక్కువ బరువుతో నెమ్మదిగా వారానికి మూడుసార్లు మాత్రమే చేసినవారికి కూడా ఇంచుమించు ఇంతే మేలు జరిగింది. కాబట్టి మీరు వారానికి మూడు రోజుల పద్ధతినే ఎంచుకోండి. జిమ్‌కు వెళ్లే వీలు లేకపోతే, వీపున తగిలించుకునే సంచిలో మీ పాఠ్యపుస్తకాలే సర్దుకుని, వారం వారం ఇంకో రెండు పుస్తకాలు కలుపుతూ పోవచ్చు.

వ్యాయామంలో నొప్పి వస్తే ఆపేయాలా అని మీకు సందేహం రావచ్చు. ఆపనక్కర లేదు, కానీ కొలుచుకోవాలి. అసలు నొప్పి లేకపోవడాన్ని 0 అనీ, ఊహించగల ఘోరమైన నొప్పిని 10 అనీ అనుకోండి. వ్యాయామంలో గానీ నడకలో గానీ 5 వరకు రావచ్చు. మర్నాడు పొద్దున బిగుతు మామూలు రోజు కంటే ఎక్కువ ఉండకూడదు. వారం వారానికీ నొప్పి పెరుగుతూ పోకూడదు. ఈ హద్దులో ఉండి నడక, పరుగు కొనసాగించినవారు వాటిని కొన్ని వారాలు ఆపేసినవారి కంటే వెనకబడలేదని 2007లో మరో స్వీడన్ అధ్యయనం చూపించింది. హద్దు దాటితే మానేయకండి, ఒక మెట్టు దిగండి: బరువు తగ్గించండి, లేదా మళ్లీ రెండు కాళ్ల మీద చేయండి. ఉదయపు బిగుతు ఎంతసేపు ఉందో రోజూ డైరీలో ఒక ముక్క రాసి పెట్టుకుంటే, నెల తిరిగేసరికి మార్పు మీకే కనిపిస్తుంది.

నడక కూడా ఈ కొలతతోనే సాగాలి. పార్కులో ఎన్ని చుట్లకు నొప్పి 5 దాటుతోందో చూసి, దానికి ఒక చుట్టు తక్కువతో మొదలుపెట్టండి. ఎత్తుపల్లాలున్న దారులు ఇప్పుడప్పుడే వద్దు. చదునైన హవాయి చెప్పులు మాని, వెనక భాగం సెంటీమీటరో ఒకటిన్నర సెంటీమీటరో ఎత్తుగా ఉండే బూట్లు వేసుకుంటే టెండన్ మీద లాగుడు తగ్గుతుంది. తరగతి గదిలో మధ్యమధ్య స్టూలు మీద కూర్చుని పాఠం చెప్పడానికి మొహమాటపడకండి. మధుమేహం, అధిక కొలెస్ట్రాల్, అధిక బరువు ఉన్నవారిలో టెండన్ జబ్బులు ఎక్కువ; నెలసరి ఆగే వయసులో వచ్చే హార్మోన్ మార్పులకూ వీటితో సంబంధం ఉంది. రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకుని ఏడాది దాటి ఉంటే ఈ సందర్భంగా చేయించుకోండి.

ఇంజెక్షన్ల గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు ప్రస్తావిస్తారు కాబట్టి చెబుతున్నాను. టెండన్ లోపలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే అది తెగిపోయే ప్రమాదం ఉంది, వద్దు. మన రక్తాన్నే తీసి వేరుచేసి ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షన్ ఉప్పు నీటి ఇంజెక్షన్ కంటే ఎక్కువ ఏమీ సాధించలేదని 2010లోనే ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. వేలకు వేలు దానికి పోసేముందు 12 వారాల వ్యాయామం పూర్తిగా చేశారా లేదా అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి. ఆ 12 వారాల్లో మెరుగుదల మొదలవుతుంది. పూర్తిగా కుదుటపడటానికి చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. నొప్పి తగ్గగానే వ్యాయామం ఆపేయడం వల్లే చాలామందికి అది తిరగబెడుతుంది.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, గృహిణిని. మడమ అడుగున సూదులతో గుచ్చినట్టు నొప్పి. నిద్ర లేచి వేసే మొదటి అడుగులకే ప్రాణం పోతుంది. ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందన్నారు. ఆపరేషన్ చేసి ఆ ఎముక తీసేయాలా? మా అత్తగారు ఇటుక వేడిచేసి, దాని మీద జిల్లేడు ఆకులు పరిచి కాపడం పెట్టుకోమంటున్నారు. మంచిదేనా?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఎక్స్‌రేలో కనిపించిన ఆ ఎముక కొసకు భయపడకండి. ఏ నొప్పీ లేని ఎందరికో ఎక్స్‌రే తీస్తే అలాంటి కొస కనిపిస్తుంది. అలాగే తీవ్రమైన మడమ నొప్పి ఉన్నవారిలో చాలామందికి ఆ కొస ఉండదు. నొప్పి పుట్టేది సాధారణంగా మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి వెంట సాగే దృఢమైన పొర, మడమకు అతుక్కునే చోట. దీన్నే ప్లాంటార్ ఫాసియైటిస్ అంటారు. రాత్రంతా ముడుచుకుని ఉన్న ఆ పొర మొదటి అడుగుకే ఒక్కసారిగా సాగడం వల్ల పొద్దున అంత నొప్పి వస్తుంది. ఆపరేషన్ దాకా వెళ్లేవారు చాలా కొద్దిమంది.

మంచం దిగకముందే నొప్పి కాలిని రెండో మోకాలి మీద పెట్టుకుని, కాలి వేళ్లను చేత్తో మీ వైపు లాగి, పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోండి. పది సార్లు చేసి ఆ తర్వాతే నేల మీద కాలు పెట్టండి. రోజు మార్చి రోజు ఇంకో వ్యాయామం చేయాలి. తువ్వాలును చుట్టగా చుట్టి మెట్టు అంచున పెట్టి, కాలి వేళ్లు దాని మీద ఎత్తుగా ఉండేలా ఒక్క కాలి మీద నిలబడి, మూడు అంకెలలో పైకి లేచి, రెండు అంకెలు ఆగి, మూడు అంకెలలో దిగాలి. ఒక్క కాలితో కాకపోతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి. 2015లో వచ్చిన మరో డెన్మార్క్ అధ్యయనంలో, మూడు నెలలయ్యేసరికి, కేవలం సాగదీసే వ్యాయామం చేసినవారి కంటే ఇలా చేసినవారే ఎక్కువ మెరుగుపడ్డారు.

మన అపార్ట్‌మెంట్లలో పరిచే గ్రానైటు, టైల్సు నేల మీద పొద్దున్నుంచి రాత్రి దాకా వట్టి కాళ్లతో వంటగదికీ హాలుకీ తిరగడం ఈ నొప్పిని ఎగదోస్తుంది. ఇంట్లో వేసుకోవడానికి విడిగా ఒక జత మెత్తటి చెప్పులు పెట్టుకోండి. నగరంలో చాలా చెప్పుల దుకాణాల్లో దొరికే ఎమ్‌సీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరు అడుగుతో చేసేవి) సరిపోతాయి. పొయ్యి దగ్గర నిలబడేచోట మందపాటి పట్టా వేసుకోండి.

జిల్లేడు కాపడం సంగతి: వేడి వల్ల కాసేపు హాయిగా ఉంటుంది, ఆ హాయి మీ అత్తగారూ అనుభవించే చెబుతున్నారు. అందులో మేలు చేసేది వేడే కాబట్టి వేడినీళ్ల సంచి వాడినా అదే ఫలితం. జిల్లేడు పాలు చర్మాన్ని పొక్కిస్తాయి. ఆ చేత్తో కన్ను నులుముకుంటే చూపుకే ముప్పు. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఇటుక కాపడం జోలికి అసలు వెళ్లకూడదు. చర్మం కాలినా వారికి తెలియదు, ఆ పుండు మానదు. ఈ విషయం పెద్దావిడకు నెమ్మదిగా, గౌరవం తగ్గకుండా చెప్పండి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇక్కడ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. పదేపదే వేయించుకుంటే ఆ పొర చిట్లే ప్రమాదమూ, మడమ కింద మెత్తలా ఉండే కొవ్వు కరిగిపోయే ప్రమాదమూ ఉన్నాయి. అది ఆఖరున ఆలోచించవలసిన సంగతి. ఆరు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేసినా తగ్గకపోతే బయటి నుంచి నొప్పి ఉన్న చోటికి ధ్వని తరంగాలు పంపే షాక్‌వేవ్ చికిత్స గురించి వైద్యుడితో మాట్లాడవచ్చు.

ప్రశ్న: ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని. మడమ వెనక, సరిగ్గా బూటు అంచు ఒరుసుకునే చోట, ఎముక ఉబ్బి నొప్పిగా ఉంది. మెట్టు మీద నిలబడి మడమ కిందికి దించే వ్యాయామం చేస్తే నొప్పి పెరిగింది. ఎందుకు?
– పాఠకుడు, చాదర్‌ఘాట్

జవాబు: మీ నొప్పి టెండన్ మధ్య భాగంలో లేదు, అది ఎముకకు అతుక్కునే చోట ఉంది. మడమను మెట్టు కంటే కిందికి దించినప్పుడు టెండన్ ఎముకకు ఒత్తుకుని నలుగుతుంది కాబట్టి మీకు ఆ వ్యాయామం పడలేదు. మీరు చదునైన నేల మీదే నిలబడి మునివేళ్ల మీదకు లేచి దిగండి, మడమ నేల కంటే కిందికి పోకూడదు. పిక్కను బలవంతంగా సాగదీయడం, గొంతుక్కూర్చోవడం కొన్నాళ్లు తగ్గించండి. రెండు బూట్లలోనూ మడమ కింద సమానమైన ఎత్తు మెత్తలు పెట్టుకోండి. బూటు వెనక అంచు గట్టిగా ఉంటే చెప్పులు కుట్టేవారి చేత ఆ చోట మెత్త చేయించుకోండి. ఎండలో, వర్షంలో కూడళ్లలో గంటల తరబడి నిలబడే మీకు ఈ చిన్న మార్పులకు పై అధికారులు అభ్యంతరం చెప్పకూడదు. అవసరమైతే వైద్యుడి చేత చీటీ రాయించుకోండి.

ప్రశ్న: 27 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. రెండు మడమలూ నొప్పి. పరుగు మానేసి ఆరు నెలలైంది, అయినా తగ్గలేదు. పొద్దున గంటకు పైగా బిగుతు. తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వస్తుంది. లేచి తిరిగితే నయమనిపిస్తుంది.
– పాఠకుడు, మాదాపూర్

జవాబు: మీకు వ్యాయామం చెప్పే ముందు రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతపు జబ్బులు చూసే వైద్యుణ్ని, కలవమని చెబుతాను. టెండన్ అరిగి వచ్చే నొప్పిలో ఉదయపు బిగుతు కొద్ది నిమిషాలే ఉంటుంది. రెండు మడమలూ, అరగంట దాటే బిగుతూ, విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గే నడుము నొప్పీ కలిసి 40 ఏళ్ల లోపు వారిలో కనిపిస్తే, అది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ వంటి కీళ్లవాతపు జబ్బేమో చూడాలి. ఆ జబ్బులో టెండన్లు ఎముకకు అతుక్కునే చోట్లే వాస్తాయి. ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్నా, మీకు ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పి చేసినా వైద్యుడికి తప్పక చెప్పండి. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉంది. ఈ జబ్బుకు ఇప్పుడు మంచి మందులున్నాయి. ఎంత ముందు మొదలుపెడితే వెన్నెముకకు అంత మేలు. ఇది వాయిదా వేయకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు లీవోఫ్లాక్సాసిన్ మాత్రలు వాడుతున్నారు. నాలుగో రోజు నుంచి రెండు మడమల వెనకా నొప్పి అంటున్నారు. ఆయాసానికి ఇంతకుముందు నుంచీ స్టెరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటారు. వయసు నొప్పులేనా?
– పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: కాదమ్మా. ఈ పత్రిక మీ చేతికి చేరేలోపే మీకు విడిగా జవాబు పంపాం. మిగతా పాఠకుల కోసం ఇక్కడ కూడా రాస్తున్నాను. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్‌లు టెండన్‌ను దెబ్బతీయగలవు. ఒక్కోసారి తెగిపోతుంది కూడా. 60 ఏళ్లు దాటినవారికీ, స్టెరాయిడ్లు వాడేవారికీ ఈ ముప్పు ఎక్కువ. మీ నాన్నగారికి రెండూ వర్తిస్తున్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ఈ మందుల మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. మన దగ్గర ఇవి మందుల దుకాణంలో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునేంత మామూలైపోయాయి, అది నన్ను చాలా కలవరపెడుతుంది. ఈ మందు వాడుతుండగా మడమ వెనక నొప్పి మొదలైతే తర్వాతి మాత్ర వేసుకోకముందే ఆ మందు రాసిన వైద్యుడికి ఫోన్ చేసి వేరే మందు అడగాలి. స్టెరాయిడ్ మాత్రను మాత్రం సొంతంగా ఆపకూడదు. నొప్పి తగ్గేదాకా మెట్లు, దూరపు నడక, మునివేళ్ల వ్యాయామం అన్నీ ఆపాలి. ఇంతకుముందు చెప్పిన వ్యాయామాలు ఈ పరిస్థితికి వర్తించవు.

మందుతో సంబంధం ఉన్నా లేకపోయినా, ఎవరికైనా నడుస్తుండగానో మెట్లెక్కుతుండగానో వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, టప్‌మన్న చప్పుడు వినిపించి, ఆ కాలితో మునివేళ్ల మీదకు లేవలేకపోతే టెండన్ తెగిందనే అనుకోవాలి. అదే రోజు ఎముకల వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. అడుగు వేయగలుగుతున్నారు కదా అని ఇంట్లో ఉంచకండి. టెండన్ తెగినా కొందరు కుంటుతూ నడవగలరు. బోర్లా పడుకోబెట్టి పాదాలు మంచం అంచు దాటి ఉండేలా చేసి పిక్కను పిండినప్పుడు పాదం కదలకపోతే అనుమానం మరింత బలపడుతుంది. పిక్క మొత్తం వాచి, వేడెక్కి, నొప్పిగా ఉంటే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. దానికీ అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: ఆటో నడుపుతాను. ఏటా అయ్యప్ప మాల వేస్తాను. 41 రోజులు చెప్పులు లేకుండా తిరిగేసరికి రెండేళ్లుగా మడమలు పట్టేస్తున్నాయి. ఈసారి కూడా వేయాలని ఉంది.
– పాఠకుడు, అంబర్‌పేట

జవాబు: వేయండి స్వామీ, కానీ సన్నాహం ఇప్పుడే మొదలుపెట్టండి. ఏడాదంతా చెప్పులతో ఉన్న కాలు ఒక్క రోజులో తారు రోడ్డుకూ సిమెంటుకూ అలవాటు పడలేదు. మాలకు మూడు నెలల ముందు నుంచి పైన చెప్పిన తువ్వాలు వ్యాయామం, మునివేళ్ల వ్యాయామం రోజు మార్చి రోజు చేయండి. ఆఖరి నెలలో మట్టి నేల మీద పది నిమిషాలతో మొదలుపెట్టి, వట్టి కాళ్ల నడకను వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. పంబ నుంచి సన్నిధానం దాకా దారి నిట్రంగా ఉంటుంది. ఆ ఎక్కుడు మడమ మీదా పిక్క మీదా పడుతుంది కాబట్టి మెట్లు నెమ్మదిగా ఎక్కడం కూడా అభ్యాసం చేయండి. దీక్షలో ఉండగా నొప్పి 5 దాటితే దూరపు నడకలు తగ్గించుకుని, రాత్రి పూట పాదాలు గోరువెచ్చని నీళ్లలో పెట్టుకోండి. మీకు మధుమేహం ఉండి పాదాల్లో తిమ్మిరి గానీ స్పర్శ తగ్గడం గానీ ఉంటే మాత్రం వట్టి కాళ్లతో వద్దు. మాల వేసే ముందే ఆ మాట గురుస్వామికి చెప్పి, దీక్షలో పాదరక్షలు వేసుకోవడానికి ఆయన అనుమతి తీసుకోండి.